డై సెన్సిటైజ్డ్ సోలార్ సెల్‌లో కొత్త ఎలక్ట్రోడ్, కొత్త ఎలక్ట్రోలైట్: జత కుదిర్చే పద్ధతి

డై సెన్సిటైజ్డ్ సోలార్ సెల్ సామర్థ్యాన్ని పెంచాలనుకునేవారు తరచుగా ఒక కొత్త పదార్థంతో పని మొదలుపెడతారు. ప్లాటినం ఉన్నచోట గ్రాఫీన్ పూస్తారు, లేదా అయోడైడ్ ద్రావణాన్ని తీసేసి కోబాల్ట్ ద్రావణాన్ని నింపుతారు. కొలిచి చూస్తే ఫలితం పాత సెల్ కంటే తక్కువగా వస్తుంది. అప్పుడు ఆ పదార్థమే పనికిరాదని పక్కన పెట్టేస్తారు. చాలా సందర్భాల్లో లోపం ఆ పదార్థానిది కాదు. దాని చుట్టూ ఉన్న మిగతా భాగాలన్నీ పాత పదార్థానికి సరిపోయేలా తయారైనవి కావడమే అసలు కారణం. ఈ సెల్‌లో ఒక భాగాన్ని మారిస్తే మిగిలిన భాగాలను దానికి జత కుదర్చాలి. ఆ జతను ఏ క్రమంలో కుదర్చాలో, ప్రతి దశలో ఏమి కొలిచి నిర్ధారించుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. రసాయన ప్రయోగశాల, ఫ్యూమ్ హుడ్, 500 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కే కొలిమి, సౌరకాంతి సిమ్యులేటర్ మీకు అందుబాటులో ఉన్నాయని భావించి రాస్తున్నాను.

సెల్ పనితీరును ఒకసారి గుర్తు చేసుకుందాం. 1991లో బ్రయన్ ఓరెగాన్, మైఖేల్ గ్రెట్జెల్ ప్రకటించిన నమూనాయే నేటికీ పునాది. వాహక గాజు మీద టైటానియం డయాక్సైడ్ సూక్ష్మకణాలతో సన్నని రంధ్రాలున్న పొర ఉంటుంది, ఆ కణాల ఉపరితలానికి రంగు అణువులు అంటుకుని ఉంటాయి. కాంతి తగిలిన రంగు అణువు తన ఎలక్ట్రాన్‌ను టైటానియం డయాక్సైడ్‌కు ఇచ్చేస్తుంది. అలా ఖాళీ అయిన అణువుకు ఎలక్ట్రోలైట్ ద్రావణంలోని రెడాక్స్ జంట (ఎలక్ట్రాన్‌ను ఇచ్చి పుచ్చుకునే రసాయన జంట) మరో ఎలక్ట్రాన్‌ను అందిస్తుంది. బయటి వలయం గుండా తిరిగి వచ్చిన ఎలక్ట్రాన్ ఎదురు గాజు మీద ఉండే కౌంటర్ ఎలక్ట్రోడ్ దగ్గర ఆ రెడాక్స్ జంటకు చేరుతుంది. ఈ దారిలో ఎక్కడ ఎంత పోగొట్టుకుంటున్నామో తెలిస్తేనే ఏ భాగాన్ని మార్చాలో తెలుస్తుంది.

మొదటి దశ: నమ్మదగిన ప్రామాణిక సెల్

కొత్త పదార్థం జోలికి వెళ్లే ముందు, అందరికీ తెలిసిన పదార్థాలతోనే కనీసం అయిదారు సెల్స్ చేసి, వాటి ఫలితాలు ఒకదానికొకటి దగ్గరగా వచ్చేవరకు సాధన చేయండి. ఇది విసుగు పుట్టించే పని అని నాకు తెలుసు, కానీ మీ చేతి పనిలోని తేడా పదార్థం వల్ల వచ్చే తేడా కంటే ఎక్కువగా ఉంటే, తరువాత మీరు గీసే ఏ గ్రాఫ్‌కూ అర్థం ఉండదు.

ఎఫ్‌టీఓ (ఫ్లోరిన్ కలిపిన టిన్ ఆక్సైడ్) పూత ఉన్న వాహక గాజును డిటర్జెంట్ నీటితోనూ, శుద్ధమైన నీటితోనూ, ఇథనాల్‌తోనూ అల్ట్రాసోనిక్ తొట్టిలో వరుసగా కడిగి, వీలైతే యూవీ-ఓజోన్ యంత్రంలో పావుగంట ఉంచండి. తరువాత దాన్ని 40 మిల్లీమోలార్ టైటానియం టెట్రాక్లోరైడ్ జల ద్రావణంలో 70 డిగ్రీల దగ్గర అరగంట ముంచి తీయండి. గాజుకూ రంధ్రాల పొరకూ మధ్య ఏర్పడే ఈ పలుచని పూత, ఎలక్ట్రాన్లు గాజు నుంచి నేరుగా ఎలక్ట్రోలైట్‌లోకి జారిపోకుండా అడ్డుకుంటుంది. టైటానియం టెట్రాక్లోరైడ్ నీటితో కలిసినప్పుడు విపరీతమైన వేడినీ, హైడ్రోజన్ క్లోరైడ్ పొగనూ వెలువరిస్తుంది. కాబట్టి గాఢ ద్రావణాన్ని ఫ్యూమ్ హుడ్‌లోనే, మంచు మీద, చుక్కచుక్కగా కలుపుతూ తయారు చేయాలి. చేతి తొడుగులు, కంటి రక్షణ లేకుండా ఆ సీసా మూత తీయకండి.

దాని మీద సుమారు 20 నానోమీటర్ల అనటేస్ (టైటానియం డయాక్సైడ్ స్ఫటిక రూపం) కణాల పేస్టును స్క్రీన్ ప్రింటింగ్‌తోగాని, డాక్టర్ బ్లేడ్ (పలకతో పేస్టును సమంగా లాగే) పద్ధతిలోగాని పూసి 10 నుంచి 12 మైక్రోమీటర్ల మందం తీసుకురండి. పైన 400 నానోమీటర్ల పెద్ద కణాలతో నాలుగైదు మైక్రోమీటర్ల పొర వేస్తే, దాటిపోయే కాంతి చెదిరి వెనక్కి వస్తుంది. కొలిమిలో ఉష్ణోగ్రతను ఒక్కసారిగా పెంచితే పొర పగుళ్లు వేస్తుంది కాబట్టి 325, 375, 450, 500 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాల చొప్పున ఆపుతూ పెంచాలి. చల్లారిన పొరకు టైటానియం టెట్రాక్లోరైడ్ పూతను మరోసారి ఇచ్చి, మళ్లీ 500 డిగ్రీల దగ్గర అరగంట కాల్చండి. పొర 80 డిగ్రీలకు దిగినప్పుడు, అంటే గాలిలోని తేమను పీల్చుకోకముందే, ఎన్719 అనే రుథేనియం రంగు ద్రావణంలో వేసి ఇరవై గంటలకు పైగా ఉంచండి. ఆ ద్రావణాన్ని అసిటోనైట్రైల్, టెర్షియరీ బ్యుటనాల్ సమపాళ్లలో కలిపిన మిశ్రమంలో 0.3 నుంచి 0.5 మిల్లీమోలార్ గాఢతతో తయారు చేసుకోవచ్చు.

కౌంటర్ ఎలక్ట్రోడ్ కోసం మరో గాజు మీద 5 మిల్లీమోలార్ హెక్సాక్లోరోప్లాటినిక్ ఆమ్లాన్ని ఐసోప్రొపనాల్‌లో కలిపి చుక్క వేసి, 400 డిగ్రీల దగ్గర పావుగంట వేడి చేయండి. రెండు గాజుల మధ్య 25 మైక్రోమీటర్ల సర్లిన్ (వేడికి మెత్తబడి అతుక్కునే ప్లాస్టిక్) చట్రాన్ని వేడితో అతికించండి. ముందే కౌంటర్ ఎలక్ట్రోడ్‌లో చేసిన రంధ్రం ద్వారా వ్యాక్యూమ్ సాయంతో అయోడైడ్ ఎలక్ట్రోలైట్ నింపి, రంధ్రాన్ని మూసేయండి. 0.6 మోలార్ ఇమిడజోలియం అయోడైడ్ లవణం, 0.03 మోలార్ అయోడిన్, 0.1 మోలార్ గ్వానిడీనియం థయోసయనేట్, 0.5 మోలార్ టెర్షియరీ బ్యుటైల్ పిరిడీన్ కలిసిన నైట్రైల్ ద్రావణం ఇక్కడ బాగా పనిచేస్తుంది.

కొలిచేటప్పుడు సెల్ మీద నల్లని మాస్క్ తప్పనిసరిగా ఉండాలి, దాని రంధ్రపు వైశాల్యం కచ్చితంగా తెలిసి ఉండాలి. మాస్క్ లేకపోతే పక్కల నుంచి చొరబడే కాంతి కరెంట్‌ను ఎక్కువ చేసి చూపుతుంది. ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గర కొలిచిన క్వాంటం సామర్థ్యాన్ని (పడిన ఫోటాన్లకు ఎన్ని ఎలక్ట్రాన్లు వచ్చాయన్న నిష్పత్తిని) సౌర వర్ణపటంతో కలిపి లెక్కిస్తే వచ్చే కరెంట్, సిమ్యులేటర్ కింద కొలిచిన కరెంట్‌కు దగ్గరగా ఉండాలి. రెండింటికీ పొంతన కుదరకపోతే అక్కడే ఆగి కారణం వెతకండి.

రెండో దశ: నష్టం ఎక్కడుందో కనుక్కోవడం

ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ అంటే టైటానియం డయాక్సైడ్‌లోని ఎలక్ట్రాన్ల శక్తి మట్టానికీ, ఎలక్ట్రోలైట్ రెడాక్స్ పొటెన్షియల్‌కూ ఉన్న తేడా. ప్రామాణిక హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోలిస్తే టైటానియం డయాక్సైడ్ వాహక పట్టీ (ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా కదిలే శక్తి మట్టం) సుమారు మైనస్ 0.5 వోల్టుల దగ్గర, అయోడైడ్ జంట సుమారు 0.35 వోల్టుల దగ్గర ఉంటాయి. అందుకే అయోడైడ్ సెల్‌లో వోల్టేజ్ సాధారణంగా 0.7 నుంచి 0.8 వోల్టుల మధ్య ఆగిపోతుంది. మరోవైపు ఎన్719 రంగు ఆక్సీకరణ పొటెన్షియల్ సుమారు 1.1 వోల్టులు. రంగును తిరిగి నింపడానికి మనం దాదాపు 0.75 వోల్టులు ఖర్చు పెడుతున్నామన్నమాట. అయోడైడ్ చర్య రెండు ఎలక్ట్రాన్లతో, మధ్యలో ఒక రాడికల్ అయాన్ మీదుగా సాగడమే ఇంత ఖర్చుకు ప్రధాన కారణం. ఎలక్ట్రోలైట్ మార్చి సంపాదించగలిగిన లాభంలో పెద్ద వాటా ఇక్కడే దాగి ఉంది.

మీ సెల్‌లో కరెంట్ తక్కువగా ఉంటే, దాన్ని పది శాతం, యాభై శాతం, నూరు శాతం కాంతి కింద కొలవండి. కరెంట్ కాంతికి అనులోమంగా పెరుగుతూ పూర్తి కాంతి దగ్గర వెనకబడితే, రెడాక్స్ అణువులు రంధ్రాల్లో తగినంత వేగంగా కదలలేకపోతున్నాయని అర్థం. కాంతి వెలిగించిన మొదటి క్షణంలో కరెంట్ ఎగిసి, వెంటనే తగ్గి స్థిరపడటం కూడా ఆ లోపానికే గుర్తు. ఫిల్ ఫ్యాక్టర్ (గరిష్ఠ వోల్టేజ్, గరిష్ఠ కరెంట్‌ల లబ్ధంలో నిజంగా దక్కే శక్తి వాటా) తక్కువగా ఉంటే కౌంటర్ ఎలక్ట్రోడ్ వైపు చూడాలి. వోల్టేజ్ తక్కువగా ఉంటే చీకటి కరెంట్‌ను, కాంతి ఆర్పిన తరువాత వోల్టేజ్ పడిపోయే వేగాన్ని కొలవాలి. అది త్వరగా పడిపోతుంటే ఎలక్ట్రాన్లు బయటి వలయానికి చేరకుండానే ఎలక్ట్రోలైట్‌తో పునస్సంయోగం చెందుతున్నాయి.

మూడో దశ: ఎలక్ట్రోలైట్ మార్పు, దానితో పాటు రంగు, పొర

కొత్త రెడాక్స్ జంటల్లో రెండింటిని పరిగణించాలి. బైపిరిడీన్ కోబాల్ట్ సంక్లిష్టం పొటెన్షియల్ సుమారు 0.56 వోల్టులు. మిథైల్ సమూహాలున్న బైపిరిడీన్, ఫెనాంత్రోలీన్ లిగాండ్‌లతో (లోహ అయాన్‌ను చుట్టి పట్టుకునే అణువులతో) చేసిన రాగి సంక్లిష్టాలవి 0.87 నుంచి 0.97 వోల్టుల మధ్య ఉంటాయి. పొటెన్షియల్ పెరిగితే వోల్టేజ్ పెరుగుతుంది కాబట్టి, ఈ సంఖ్యలు చూడగానే ఎన్719 సెల్‌లో నేరుగా కోబాల్ట్ ద్రావణం నింపాలనిపిస్తుంది. అలా చేస్తే దాదాపు ఎప్పుడూ నిరాశే ఎదురవుతుంది. కోబాల్ట్ సంక్లిష్టం ఒకే ఎలక్ట్రాన్‌ను నేరుగా మార్చుకుంటుంది. రంగును త్వరగా నింపడానికి సాయపడే ఈ గుణమే, టైటానియం డయాక్సైడ్‌లోని ఎలక్ట్రాన్లను త్వరగా లాక్కోవడానికి కూడా దారి తీస్తుంది. కాబట్టి రంగే ఒక కంచెలా నిలిచి, కోబాల్ట్ అయాన్లను ఉపరితలానికి దూరంగా ఉంచాలి.

ఈ కంచె ఆలోచన 2010లో ఫలించింది. పొడవాటి ఆల్కాక్సీ శాఖలున్న డి35 అనే సేంద్రియ రంగుతో కోబాల్ట్ జంట బాగా పనిచేస్తుందని అప్పుడు నిరూపించారు. 2011లో వైడి2-ఓ-సి8 పోర్ఫిరిన్, వై123 రంగుల కలయికతో 12.3 శాతం సామర్థ్యమూ, 0.93 వోల్టులు దాటిన వోల్టేజ్ వచ్చాయి. 2014లో ఎస్ఎం315 పోర్ఫిరిన్‌తో 13 శాతం సాధించారు. ఈ ఫలితాల ఘనతలో రంగు నిర్మాణానికీ ఎలక్ట్రోలైట్‌కూ సమాన వాటా ఉందని నా అభిప్రాయం.

అందువల్ల మీరు చేయవలసిన పని ఇది. ముందుగా రంగును మార్చండి. డి35, వై123, ఎక్స్‌వై1 వంటి సేంద్రియ రంగులు కాంతిని ఎన్719 కంటే రెండు నుంచి నాలుగు రెట్లు గాఢంగా పీల్చుకుంటాయి, కాబట్టి పొరను 4 నుంచి 6 మైక్రోమీటర్లకు తగ్గించినా కాంతి వృథా కాదు. పొర పలుచబడితే కోబాల్ట్ అయాన్లు ప్రయాణించవలసిన దూరమూ, పునస్సంయోగానికి దొరికే ఉపరితలమూ కూడా తగ్గుతాయి. పరిమాణంలో పెద్దవైన ఈ సంక్లిష్టాల వ్యాపనం నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి 20 బదులు 30 నానోమీటర్ల కణాలతో, వెడల్పైన రంధ్రాలున్న పొర మేలు. రంగు ద్రావణాన్ని 0.1 మిల్లీమోలార్‌కు పలుచన చేసి, అణువులు గుంపులు కట్టకుండా చీనోడీఆక్సీకోలిక్ ఆమ్లాన్ని కలపండి.

కోబాల్ట్ ద్రావణానికి సుమారు 0.22 మోలార్ కోబాల్ట్(II), 0.05 మోలార్ కోబాల్ట్(III) లవణాలు, 0.1 మోలార్ లిథియం లవణం, 0.2 మోలార్ టెర్షియరీ బ్యుటైల్ పిరిడీన్‌తో అసిటోనైట్రైల్‌లో మొదలుపెట్టి, ఆ తరువాతే నిష్పత్తులను సర్దండి. లిథియం పెరిగితే వాహక పట్టీ కిందికి దిగి, ఎలక్ట్రాన్ రంగు నుంచి పొరలోకి సులభంగా దూకుతుంది గానీ వోల్టేజ్ తగ్గుతుంది. పిరిడీన్ దానికి వ్యతిరేకంగా పనిచేస్తుంది. ఈ రెండింటినీ ఒకేసారి మార్చితే ఏది ఎంత ప్రభావం చూపిందో తేల్చలేరు.

రాగి విషయంలో నాకు ఎక్కువ నమ్మకం ఉంది. రంగుకూ రాగి జంటకూ మధ్య 0.1 నుంచి 0.2 వోల్టుల తేడా ఉన్నా రంగు పూర్తిగా పునరుద్ధరించబడుతుంది. దాని వల్ల 1 వోల్టు దాటిన ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ 2016లోనే నమోదైంది. రాగి సంక్లిష్టాల వ్యాపనం కూడా కోబాల్ట్ కంటే మెరుగు. ద్రావణంలో సుమారు 0.2 మోలార్ రాగి(I), 0.04 నుంచి 0.09 మోలార్ రాగి(II), 0.1 మోలార్ లిథియం లవణం ఉంచండి. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. టెర్షియరీ బ్యుటైల్ పిరిడీన్ రాగి(II)కి అతుక్కుని దాని అసలు లిగాండ్‌ను పక్కకు నెట్టగలదు, అలా నెట్టినప్పుడు జంట పొటెన్షియల్, చర్యా వేగం రెండూ మారిపోతాయి. ద్రావణాన్ని కలిపిన రోజున, మళ్లీ కొన్ని రోజుల తరువాత దాని శోషణ వర్ణపటాన్ని తీసి పోల్చండి. మార్పు కనిపిస్తే, రాగితో అంత బలంగా బంధించని ఎన్-మిథైల్‌బెంజిమిడజోల్ వంటి క్షారాన్ని ప్రయత్నించండి.

నాలుగో దశ: కౌంటర్ ఎలక్ట్రోడ్‌ను విడిగా పరీక్షించడం

కౌంటర్ ఎలక్ట్రోడ్ మంచిదో కాదో పూర్తి సెల్‌లో పెట్టి తీర్పు చెప్పకండి. ఒకే రకమైన రెండు కౌంటర్ ఎలక్ట్రోడ్‌లను ఎదురెదురుగా పెట్టి, మధ్యలో మీరు వాడబోయే ఎలక్ట్రోలైట్‌నే నింపి, ఇంపెడెన్స్ స్పెక్ట్రోస్కోపీ (వేర్వేరు ఫ్రీక్వెన్సీల దగ్గర విద్యుత్ నిరోధాన్ని కొలిచే పద్ధతి) చేయండి. అధిక ఫ్రీక్వెన్సీ దగ్గర కనిపించే అర్ధవలయపు వ్యాసంలో సగం, వైశాల్యంతో గుణిస్తే, ఆవేశ బదిలీ నిరోధం వస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర కనిపించే రెండో వంపు ద్రావణంలోని వ్యాపనానికి సంబంధించినది.

ఈ సంఖ్యను ఎలా చదవాలో ఒక చిన్న లెక్కతో చూద్దాం. చదరపు సెంటీమీటరుకు 15 మిల్లీయాంపియర్లు ఇచ్చే సెల్‌లో ఆ నిరోధం 1 ఓమ్-చదరపు సెంటీమీటరు ఉంటే 15 మిల్లీవోల్టులు పోతాయి, అదే 10 ఉంటే 150 మిల్లీవోల్టులు పోతాయి. ఎలక్ట్రోలైట్ మార్చి సంపాదించిన వోల్టేజ్‌లో పెద్ద భాగం ఇక్కడే ఆవిరైపోతుందన్నమాట.

అయోడైడ్‌తో ప్లాటినం చక్కగా పనిచేస్తుంది. కోబాల్ట్, రాగి జంటలతో మాత్రం పెడాట్ అనే వాహక పాలిమర్‌గాని, గ్రాఫీన్ నానోప్లేట్‌లెట్లుగాని దానికంటే మేలు. పెడాట్‌ను ప్రత్యేక ద్రావకమేదీ లేకుండా నీటిలోనే తయారు చేయవచ్చు. 0.1 మోలార్ సోడియం డోడెసిల్ సల్ఫేట్ ద్రావణంలో పెడాట్‌కు మూలమైన చిన్న అణువు, అంటే ఎడాట్ మోనోమర్‌ను 0.01 మోలార్ గాఢతతో కరిగించి, వాహక గాజును ఆనోడ్‌గా పెట్టి స్థిరమైన చిన్న కరెంట్ పంపితే, గాజు మీద నీలిరంగు పొర సమంగా పరుచుకుంటుంది. కొలిమి అవసరం ఉండదు కాబట్టి ప్లాస్టిక్ ఆధారం మీద కూడా ఇది సాధ్యమవుతుంది. పొర మందాన్ని పంపిన మొత్తం ఆవేశంతో అదుపు చేయండి, సమయంతో కాదు.

కార్బన్ బ్లాక్ కూడా గౌరవించదగిన పదార్థమే. 2006లో అయోడైడ్ సెల్‌లో దానితో 9.1 శాతం సామర్థ్యం వచ్చింది. దాని ఉత్ప్రేరక శక్తి ప్లాటినం కంటే తక్కువ, ఆ లోటును మందమైన పొరలోని అపారమైన ఉపరితలం పూరిస్తుంది. అయితే కణాలు రాలి రంధ్రాల పొర వైపు చేరితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది, అందుకే బైండర్‌ను నిర్లక్ష్యం చేయకూడదు.

ఫొటోఆనోడ్‌లో (రంగు పట్టిన రంధ్రాల పొరలో) ఆక్సైడ్ మార్చాలా?

జింక్ ఆక్సైడ్, టిన్ ఆక్సైడ్ రెండింటిలోనూ ఎలక్ట్రాన్ల కదలిక టైటానియం డయాక్సైడ్‌లో కంటే వేగంగా ఉంటుంది. ఆ ఒక్క గుణాన్ని చూసి మారిపోవద్దు. ఆమ్ల స్వభావం గల రంగు ద్రావణంలో జింక్ ఆక్సైడ్ కరుగుతుంది, కరిగిన జింక్ అయాన్లు రంగుతో కలిసి పనికిరాని ముద్దలుగా పేరుకుంటాయి. కాబట్టి ముంచే సమయాన్ని గంటల నుంచి నిమిషాలకు తగ్గించి పరీక్షించాలి. టిన్ ఆక్సైడ్ వాహక పట్టీ మరింత కింద ఉండటం వల్ల వోల్టేజ్ పడిపోతుంది, పునస్సంయోగమూ ఎక్కువే. మెగ్నీషియం ఆక్సైడ్ వంటి అవాహకంతో అతి పలుచని పూత వేస్తే కొంత మెరుగవుతుంది, మందం కాస్త పెరిగినా ఎలక్ట్రాన్ పొరలోకి రావడమే ఆగిపోతుంది. మీ లక్ష్యం సామర్థ్యమే అయితే, టైటానియం డయాక్సైడ్‌నే ఉంచి దాని రంధ్రాల పరిమాణం, మందం, అడ్డుపొరల మీద శ్రమ పెట్టమని నా సలహా.

అయిదో దశ: సెల్ ఏ కాంతిలో పనిచేయాలో నిర్ణయించడం

గది లోపలి కాంతి కోసం చేసే సెల్‌కు ప్రాధాన్యాలు తలకిందులవుతాయి. 1000 లక్స్ దగ్గర కరెంట్ చదరపు సెంటీమీటరుకు సుమారు 0.1 మిల్లీయాంపియర్ మాత్రమే. అప్పుడు 10 ఓమ్-చదరపు సెంటీమీటరు కౌంటర్ ఎలక్ట్రోడ్ నిరోధం వల్ల పోయేది ఒక్క మిల్లీవోల్టు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. కానీ గాజు నుంచి ఎలక్ట్రోలైట్‌లోకి 0.01 మిల్లీయాంపియర్ కారిపోతే, పూర్తి ఎండలో కనిపించని ఆ నష్టం ఇక్కడ పదో వంతు అవుతుంది. కాబట్టి ఈ సెల్స్‌లో గాజు మీది అడ్డుపొరను రెట్టింపు శ్రద్ధతో వేయాలి. డి35, ఎక్స్‌వై1 రంగులను కలిపి రాగి ఎలక్ట్రోలైట్‌తో చేసిన సెల్ 2017లో 1000 లక్స్ దగ్గర 28.9 శాతం, పూర్తి ఎండలో 11.3 శాతం ఇచ్చింది. 2018లో పెడాట్ ఎలక్ట్రోడ్‌ను మధ్యలో స్పేసర్ లేకుండా రంధ్రాల పొరకు నేరుగా తాకించి, ద్రావణం మందాన్ని దాదాపు తొలగించిన సెల్ ఎండలో 13.1 శాతానికీ, 1000 లక్స్ దగ్గర 32 శాతానికీ చేరింది. ఈ రెండో పద్ధతిని ప్రయత్నించేటప్పుడు రంధ్రాల పొర పగుళ్లు లేకుండా ఉందో లేదో సూక్ష్మదర్శినిలో ముందే చూసుకోండి.

ఆరో దశ: మన్నిక

అసిటోనైట్రైల్ 82 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ప్రయోగశాలలో గొప్ప సంఖ్యలిచ్చే ఈ ద్రావకం, ఎండలో వేడెక్కిన సెల్ అతుకుల్లోంచి కొద్దికొద్దిగా తప్పించుకుంటుంది. సామర్థ్యం తేలిన తరువాత 160 డిగ్రీలు దాటాక గానీ మరగని మీథాక్సీప్రొపియోనైట్రైల్‌లో అదే ద్రావణాన్ని మళ్లీ చేసి, ఎంత కోల్పోయారో చూడండి. దాన్ని పీవీడీఎఫ్-హెచ్‌ఎఫ్‌పీ పాలిమర్‌తో జెల్‌గా మార్చితే కారడం తగ్గుతుంది. జెల్‌ను వేడిగా, పలుచగా ఉన్నప్పుడే నింపాలి, లేకపోతే అది రంధ్రాల అడుగుకు చేరదు. రాగి జంటతో ఇంకో దారి ఉంది. ద్రావకాన్ని నెమ్మదిగా ఆవిరైపోనిచ్చి, మిగిలిన రాగి సంక్లిష్టాన్నే ఘన వాహకంగా వాడవచ్చు. 2017లో ఇలాంటి ఘన సెల్ 11 శాతం దాటింది. ఆరబెట్టడం తొందరగా జరిగితే సంక్లిష్టం స్ఫటికాలుగా విడిపోయి సంబంధం తెగుతుంది కాబట్టి రోజుల తరబడి ఓపిక పట్టాలి.

చివరగా, నాలుగు సెల్స్‌ను 60 డిగ్రీల దగ్గర నిరంతర కాంతి కింద, మరో నాలుగింటిని చీకట్లో అదే ఉష్ణోగ్రత దగ్గర పెట్టి, 1000 గంటల పాటు క్రమంగా కొలవండి. కాంతి కిందివి మాత్రమే క్షీణిస్తే అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే ఫిల్టర్ వేసి మళ్లీ చూడండి, ఎందుకంటే ఆ కిరణాలను పీల్చుకున్న టైటానియం డయాక్సైడ్ రంగునూ, ద్రావకాన్నీ విచ్ఛిన్నం చేయగలదు. రెండు గుంపులూ సమానంగా క్షీణిస్తే ముందుగా అతుకులను అనుమానించండి. ప్రతి కొలతప్పుడూ సెల్‌ను తూచి బరువు రాసుకుంటే, ద్రావకం బయటికి పోతోందో లేదో ఆ అంకెలోనే తెలిసిపోతుంది.